బేస్ మీద బ్యాటు

సెప్టెంబర్ 1, ఆదివారం

జావీద్‌కి కొత్త పిచ్చి పట్టింది. ఈ ఇరవై మూడుకి మన టీముకి పదేళ్ళు నిండుతున్నాయి, సినిమా తీద్దాం అంటున్నాడు.

సినిమా అంటే పెద్ద సినిమా ఏం కాదు. ప్రతి ఏడూ సౌదీ నేషనల్ డే సెలవుకి జుబైల్ ఫిలిప్పీనోలతో మా బేస్‌బాల్ మ్యాచ్ ఉంటుంది కదా, ఆ పదేళ్ళ మ్యాచ్‌ల నుంచి ఏటికొక ఘట్టం ఏరి, వరసగా అతికించి, మ్యాచ్ అయ్యాక టిఫిన్ల దగ్గర తెర మీద వేస్తాడట. "సేమ్ తారీఖు, పది సాలలు. ఎట్లుంటది భాయ్?" అని వచ్చి నన్నే అడిగాడు. బాగుంటుంది అన్నాను. మొహం మీద ఉమ్మెయ్యలేను కదా.

ఈ ఆటే ఒక దరిద్రం. పదేళ్ళ కింద ఎవరో అమెరికా మేనేజరు రాస్ తనూరా వదిలి పోతూ పోతూ నాలుగు బ్యాట్లు, ఒక బస్తా గ్లవ్స్, ఉప్పు తేలిన ఒక గ్రౌండు మా కాంట్రాక్టు కంపెనీకి అంటగట్టి పోయాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని కర్నూలు, కడప, జగిత్యాల, హైదరాబాద్ వాళ్ళమంతా ఆ గుండ్రటి బ్యాట్లు పట్టుకుని వేషాలు వేస్తున్నాం. నేను 2017లో స్టోర్ కీపరుగా వచ్చాను. బ్యాట్లు నా స్టోర్లోనే ఉంటాయి కాబట్టి నన్నూ టీములో వేసుకున్నారు. లేకపోతే వేసుకునేవాళ్ళా?

2018ది కూడా వేస్తావా అని అడగలేదు. వేస్తాడని తెలుసు. అది వెయ్యకపోతే వాడికి తిన్నది అరగదు.

సెప్టెంబర్ 3

పడుకుంటే అదే గుర్తొస్తోంది. రాసేస్తే పోతుందేమో.

స్కోర్లు సమం. చివరి ఇన్నింగ్స్, అప్పటికే ఇద్దరు ఔట్. మా టీము అంజన్న మూడో బేస్ మీద ఉన్నాడు. నేను కొట్టాను. కొట్టడం బాగానే కొట్టాను, ఆ మాట మాత్రం ఎవడూ చెప్పడు. మొదటి బేస్ వైపు పరిగెత్తాను. అటు అంజన్న హోమ్‌కి చేరి పరుగు పూర్తి చేశాడు. బంతి కన్నా ముందు నేను బేస్ చేరితే ఆ పరుగు లెక్కలోకి వస్తుంది, గెలుపు మాది. బంతి వస్తోంది. చెయ్యి చాచి బ్యాటు బేస్ మీద పెట్టాను.

బ్యాటు ముందు తాకింది. బంతి తర్వాత వచ్చింది. కళ్ళున్న ఎవడికైనా కనపడుతుంది.

ఫిలిప్పీనో అంపైరు రెనాటో పిడికిలెత్తి ఔట్ అన్నాడు. ఈ ఆటలో బేస్ మీద బ్యాటు కాదు, కాలు పెట్టాలట. కొట్టగానే బ్యాటు అక్కడే పడేసి పరిగెత్తాలట. ఎవడు పెట్టాడా రూలు? నంద్యాల మునిసిపల్ హైస్కూలు గ్రౌండులో, పరిగెత్తిన ప్రతిసారీ బ్యాటు చాచి గీత దాటించి పెరిగినవాణ్ణి. చేతికి తెలిసిన పని చెయ్యి చేస్తుంది. చెప్పారు, చెప్పలేదని కాదు. ఆ గడబిడలో ఎవడికి గుర్తుంటుంది?

తర్వాత అదనపు ఇన్నింగ్స్ ఆడి ఓడిపోయాం. అందులో అంజన్న రెండు క్యాచ్‌లు వదిలేశాడు. అవి ఎవరికీ గుర్తులేవు.

ఆ రోజు నుంచి నా పేరు క్రీజు. జావీద్‌కి క్రీజు భాయ్, అంజన్నకి క్రీజన్న, ఫిలిప్పీనోలకి మిస్టర్ క్రీజు. కొత్తగా చేరిన ప్రతివాడికీ జావీద్ ఫోన్ తీసి ఆ వీడియో చూపిస్తాడు. మా కంపెనీలో చేరితే ముందు ఇక్కడుండడానికి ఇకామా కార్డు, తర్వాత నా వీడియో.

సెప్టెంబర్ 5

ఉమేరా ఫోన్ చేసింది. విజిట్ వీసాలు స్టాంపింగ్ అయి వచ్చేశాయి. తల్లీకూతుళ్ళిద్దరూ పధ్నాలుగున దమ్మాంలో దిగుతారు. ఇక్కడే రహీమాలో గది చూసి పెట్టాను, మూడు నెలలకి.

ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను ఈ రోజు కోసం. సంతోషపడాలి కదా.

మెహక్ ఫోన్ లాక్కుని, "నాన్నా, నువ్వు గెలిపిచ్చిన గ్రౌండు చూపిస్తావు గదా? మా క్లాసులో అందరికీ చెప్పినా" అంది.

అది చిన్నప్పుడు అన్నం తినడానికి మొండికేస్తే ఫోన్లో కథలు చెప్పేవాణ్ణి. అందులో ఇదొకటి. నేను కొట్టాను, అంజన్న మామ హోమ్ చేరాడు, ఒకటే ఈలలు, కేకలు. అక్కడితో ఆపేవాణ్ణి. గెలిచామని అదే అనుకుంది. నేను కాదనలేదు, అంతే. ఒకసారి కప్పు గురించి అడిగితే కప్పు ఇంత ఉంటుందని చేతులు చాచి చూపించాను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ మాత్రం చెప్పుకోకూడదా?

ఇరవై మూడున అది ముందు వరసలో కూర్చుంటుంది. జావీద్ తెర మీద నన్ను నిలబెడతాడు. హాలంతా నవ్వుతుంది. నా కూతురు చూస్తుంది.

సెప్టెంబర్ 6, శుక్రవారం

పొద్దున్నే ప్రాక్టీసు. అంజన్న ఎప్పటిలాగే బ్యాటు పట్టుకుని వంగి పరిగెత్తి బేస్ మీద టపీమని కొట్టి చూపించాడు. పదిమంది పడీ పడీ నవ్వారు. స్కాఫోల్డింగు కట్టేవాడికి ఇంత నటన ఎక్కడిది?

2018 తర్వాత ఈ టీములో నా పని నీళ్ళివ్వడమే. క్యాన్ మూత బిగించి స్టోరుకి వచ్చేశాను. దాహంతో చావనీ.

సెప్టెంబర్ 8

సేఫ్టీ బెల్టు మార్చుకోవడానికి జావీద్ స్టోరుకి వచ్చాడు. ఎవరూ లేరు. అడిగేశాను.

"2018ది తీసెయ్."

"ఏది భాయ్?"

"తెలీనట్టు మాట్లాడొద్దు. నా పెండ్లాం, బిడ్డ వస్తావుండారు. వాళ్ళ ముందర నన్ను నగుబాటు చేస్తే బాగుండదు, చెప్తావుండా."

వాడు నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా. "అరె, మస్తు క్లిప్ భాయ్ అది. పది సాలల్ల అందరికి యాదున్నది గదొక్కటే. ఎవడు గెలిచిండో ఎవనికి యాదున్నది? నీది మాత్రం జుబైల్‌ల గూడ అడుగుతరు. ప్యార్‌తోనే నవ్వుతరు, దాంట్ల ఏమున్నది?"

"నవ్వేది మీరు. పరువు పోయేది నాది."

"నువ్వు ఇట్ల దిల్‌ల పెట్టుకుంటవ్ అనుకోలే."

"ఆరేండ్లు నువ్వు ఫోన్లో పెట్టుకున్యావు. నేను దిల్‌లో పెట్టుకుంటే తప్పా?"

బెల్టు లేదు పొమ్మన్నాను. వెనక అర నిండా ఉన్నాయి. సాయంత్రం ఇంకొకడితో పంపించాను. వాడు పనిచేసే ఆయిల్ ట్యాంకు మీంచి పడితే ఆ విచారణ నా మెడకే చుట్టుకుంటుంది, అందుకని.

సెప్టెంబర్ 10

బ్యాట్లు, గ్లవ్స్ ఉన్న బీరువాకి తాళం వేశాను. తాళంచెవి పోయిందని చెప్పాను. జేబులోనే ఉంది.

సెప్టెంబర్ 12

ముందు అంజన్న వచ్చాడు, పెద్దమనిషిలాగా.

"గిదేం పద్ధతే అన్నా? ఆటను ఆట లెక్కనే సూడాలె. నా ఇజ్జత్ గూడ తీసిండ్రు మస్తుసార్లు. నెత్తి మీద బంతి వడ్డది సుత ఆ సిన్మల ఉన్నది. నేనేమన్న అన్ననా?"

"నీకు సిగ్గు లేదు. నాకుంది."

పాపం మొహం చిన్నబోయింది. చిన్నబోనీ.

తర్వాత జావీద్ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. తీసేస్తాను, తాళం తీయమన్నాడు. నేను అంత తేలిగ్గా వదలదల్చుకోలేదు.

"2018 అనే అంకె కూడా తెర మీద కనపడకూడదు. నా మొహం యాడా ఉండకూడదు. ఎవురి ఫోన్లోనూ ఉండకూడదు. ఆ పేరుతో ఎవుడూ పిలవకూడదు."

"సరే భాయ్. అల్లా కసమ్. మొత్తం తీపిస్త" అన్నాడు.

నేను గెలిచాను. ఈ టీములో మొదటిసారి.

వాణ్ణి నమ్మను.

సెప్టెంబర్ 14

వచ్చారు.

మెహక్ ఇంత పొడుగు అయిందని ఫోన్లో తెలియలేదు. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి ముందు ఉమేరా వెనక దాక్కుంది, తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. రాస్ తనూరా దాకా వదల్లేదు.

ఇంత సంతోషంలోనూ జావీద్ ఉన్నాడు. ట్యాక్సీ మాట్లాడుకుంటానంటే వినకుండా కారు తెచ్చాడు. దారిలో వాళ్ళకి జ్యూసులు, శాండ్‌విచ్‌లు. పిల్లకి చిన్న సైజు గ్లవ్ ఒకటి, కొత్తది, ఎక్కడ కొన్నాడో. "మీ నాయినకు జెప్పు, నేర్పిస్తడు" అన్నాడు దానితో. ఎత్తిపొడుపు. నాకు అర్థం కాదనుకున్నాడు.

ఉమేరా గదిలోకి రాగానే, "ఆ అన్న ఎంత మంచోడు!" అంది.

సెప్టెంబర్ 17

ఉమేరాతో గొడవ. జావీద్‌ని భోజనానికి పిలుద్దామంది. వద్దన్నాను. ఎందుకంది. వద్దంతే అన్నాను.

"ఏం మనిషివి నువ్వు? ఏడేండ్లు ఫోన్లో నాకు ఒక్క స్నేహితుని సంగతి గూడా చెప్పలేదు. ఈడికొచ్చి చూస్తే అందరూ నిన్ను అన్నా, భాయ్ అంటావుండారు. నువ్వే మొగం తిప్పుకోని పోతావుండావు. ఏం చేసినాడు ఆయన నిన్ను?"

ఏం చేశాడో చెప్పాలంటే ఏం జరిగిందో చెప్పాలి. అన్నం ముందు నుంచి లేచి బయటికి వచ్చాను. రొయ్యల వేపుడు, నాకిష్టమని నంద్యాల నుంచి మసాలా తెచ్చి చేసింది.

సెప్టెంబర్ 20, శుక్రవారం

మెహక్‌ని ప్రాక్టీసుకి తీసుకుపోయాను. తీసుకుపోకపోతే ఊరుకోదు.

అంజన్న బ్యాటు పట్టుకున్నాడు. మళ్ళీ ఆ నటన మొదలుపెడతాడనుకున్నాను. మెహక్‌ని చూసి, బ్యాటు పక్కన పడేసి, "అనీసన్న బిడ్డవా? దా బిడ్డా, దా" అన్నాడు. అనీసన్న! నా పేరు వాడి నోట్లోంచి విని ఎన్నేళ్ళయిందో. ఎవరూ క్రీజు అనలేదు. ఎవరూ నవ్వలేదు. నేను నీళ్ళిస్తే థ్యాంక్సులు చెప్పి తాగారు, ఆసుపత్రిలో రోగి దగ్గర ఉన్నట్టు.

జాలి పడుతున్నారు. అందరికీ చెప్పి ఉంటాడు, అనీస్ బాధపడుతున్నాడు, జాగ్రత్త అని. దీనికన్నా ఎగతాళే నయం.

"నాన్నా, నీతో ఎవురూ మాట్లాడరా?" అంది మెహక్ తిరిగొచ్చేటప్పుడు.

సెప్టెంబర్ 22

రేపు. వాడు మాట తప్పితే ప్రొజెక్టరు పగలగొడతాను. డబ్బు కట్టినా సరే.

సెప్టెంబర్ 23, సోమవారం

వాడు మాట తప్పలేదు.

ఎండ ముదరకముందే కావాలని ఆరింటికే మ్యాచ్ మొదలుపెట్టాం. నేను ఎప్పటిలాగే నీళ్ళ దగ్గర. మెహక్ నా పక్కనే కుర్చీలో, గ్లవ్ తొడుక్కుని. "నువ్వు ఆడవా?" అంది. భుజం నొప్పి అన్నాను. మ్యాచ్ గెలిచారు. గెలిచాం. ఎవరు కొట్టారో నేను చూడలేదు, తెర గురించే నా ఆలోచన.

హాల్లో ఉప్మా, తమీస్ రొట్టె, దాంట్లోకి ఫూల్ అనే అరబ్బుల గింజల కూర. రెండు టీములూ, వచ్చిన ఆడవాళ్ళూ పిల్లలూ. మెహక్ నన్ను లాక్కుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది. దీపాలు ఆర్పారు.

2014. అమెరికా ఆయన బ్యాటు ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు, మనవాళ్ళు క్రికెట్‌లాగా నేలకి ఆనించి నిలబడ్డారు. హాలంతా నవ్వు. 2015, అంజన్న నెత్తి మీద బంతి. అందరికంటే గట్టిగా అంజన్నే నవ్వాడు. 2016, ఇసుక గాలి, ఎవరెక్కడున్నారో తెలియదు. 2017, జావీద్ కొట్టిన బంతికి కంపెనీ బస్సు అద్దం పోయింది. ఆ ఏటి గ్రూప్ ఫొటోలో నేను లేను, తీసింది నేనే.

"ఇప్పుడు నువ్వే గదా?" అని మెహక్ నా చొక్కా పట్టుకుంది. కుర్చీ అంచుకి జరిగింది.

2019.

"అదేంది? 2018 ఏమాయ?" అంది. బయటికే అంది, గట్టిగా.

రెనాటోకి తెలుగు రాదు, వాడూ తల దించుకున్నాడు. అంజన్న పళ్ళెంలో ఉప్మా కెలుకుతున్నాడు. వీళ్ళలో ఒక్కడన్నా, మీ నాయనే తీయించాడమ్మా అని ఎందుకు అనలేదు? నేనైతే అనేవాణ్ణి.

2020. కరోనా, ఆ ఏడు మ్యాచే లేదు. దానికీ పెట్టాడు. ఖాళీ గ్రౌండు, గాలికి దొర్లే ఒక ప్లాస్టిక్ సంచి. ఆడని సంవత్సరానికి కూడా బొమ్మ ఉంది.

2021, 22, 23. ప్రతి ఏడాదికీ మెహక్ తెరంతా వెతికింది. గ్రూప్ ఫొటో వచ్చినప్పుడల్లా లేచి నిలబడింది. ఎక్కడుంటాను? 2018 తర్వాత నేను ఏ ఫొటోలోనూ నిలబడలేదు, వాళ్ళు పిలిచినా. దీపాలు వేశారు. చప్పట్లు కొట్టారు.

మెహక్ నా చెవి దగ్గరికి వచ్చి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నాన్నా, నువ్వు నిజ్జంగా ఈ టీములో ఉండావా?"

వాళ్ళంతా ఆరేళ్ళు నవ్విన నవ్వులన్నీ కలిపినా ఇంత నొప్పి పెట్టలేదు.

లేచి వెనక కూలర్ దగ్గరికి పోయాను. జావీద్ అక్కడ ఉన్నాడు.

"ఆ క్లిప్ ఇయ్యి" అన్నాను.

"ఏది?"

"ఏదో నీకు తెల్దా?"

"లేదు భాయ్. డిలీట్ జేసిన. అందరితోని జేపిచ్చిన. రెనాటో దగ్గర గూడ తీపిచ్చిన. నువ్వే చెప్పితివి గదా."

"చెప్తే చేసేస్తావా?"

"కసమ్ ఏపిస్తివి గదా భాయ్!"

"ఒక్కటన్నా దాచిపెట్టుకోని ఉండగూడదా? ఆరేండ్లు దాచినోడివి!"

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. దాంతో నాకు ఇంకా మండింది. బాధపడాల్సింది నేనైతే మధ్యలో వీడేంటి?

అక్కణ్ణుంచి వచ్చేశాను. హాలు మూలన ఉన్న బ్యాటు ఒకటి తీసుకున్నాను. మెహక్ చెయ్యి పట్టుకుని గ్రౌండుకి పోయాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఉమేరా వెనకనుంచి ఎక్కడికి ఎక్కడికి అంటోంది.

"ఇది హోమ్. అది మొదటి బేస్. అంజన్న మామ ఆ పక్కన ఉండాడు. నేను ఈడ నిలబడినా" అన్నాను.

"కొట్నావు."

"కొట్టినా. పరిగెత్తినా. చూడు."

పరిగెత్తాను. నలభై రెండేళ్ళవాణ్ణి, ఉప్మా తిని ఉన్నాను, ఆ ఎండలో. బేస్ దగ్గరికి వచ్చి, అప్పట్లాగే వంగి, చెయ్యి చాచి బ్యాటు పెట్టాను. కాళ్ళు ఇవతలే ఆగిపోయాయి.

"ఇట్ల పెట్టినా. బంతి అప్పుడొచ్చింది. ఔటిచ్చినారు. ఓడిపోయినాం. కప్పు రాలేదు."

కప్పు సంగతి అది పట్టించుకోలేదు. బేస్ వైపు, బ్యాటు వైపు మార్చి మార్చి చూసింది. దాని మొహం ఎర్రబడింది.

"ఔట్ ఎట్లైతాది? బ్యాటు పడింది గదా!"

మా వీధిలో ఆడే ఏ పిల్లనైనా అడగండి, అదే అంటుంది. నా కూతురు నంద్యాల పిల్ల. దానికి ఇంకేం తెలుసు?

నేనే చెప్పాల్సి వచ్చింది. "లేదమ్మా. ఔటే. ఈ ఆటలో కాలు పెట్టాల."

"ఎవురు పెట్నారా రూలు?" అంది.

అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. బేస్ మీద కూలబడి నవ్వాను. అదీ మొదలుపెట్టింది. నా జేబులోంచి ఫోన్ లాక్కుని, "మళ్ళా పరిగెత్తు, నేను తీస్తా. ఈసారి కాలు పెట్టు" అంది.

పరిగెత్తాను. కాలు, కాలు అనుకుంటూనే పరిగెత్తాను. బేస్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే చాచుకుంది. మెహక్ నవ్వుకి ఫోన్ ఊగిపోయి వీడియోలో సగం ఆకాశమే పడింది. చివర్లో మాత్రం బ్యాటు, బేస్, నేను స్పష్టంగా ఉన్నాం.

హాలు గుమ్మంలో టీమంతా నిలబడి చూస్తోంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఎవడూ నవ్వడానికి ధైర్యం చేయడం లేదు. అంజన్న నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వి సావండి" అన్నాను.

గదికి వచ్చాక ఆ వీడియో జావీద్‌కి పంపాను. క్షమాపణలు, థ్యాంక్సులు ఏమీ రాయలేదు. కింద 2018 అని మాత్రం పెట్టాను.

వెంటనే జవాబు వచ్చింది. ఒకే మాట. "ఔట్."

వీడి బుద్ధి మారదు. బ్యాటు ముందు పడింది, నా దగ్గర సాక్షి ఉంది, శుక్రవారం రాత్రి భోజనానికి ఇంటికొస్తే మొహం మీదే చెబుతుంది అని రాశాను.